పడవ సీను పందెం

బమ్రోలి, సూరత్
20 జూన్ 2021

అల్లుడు నరేశ్‌కు మేనత్త లింగవ్వ రాసేది.

ఉత్తరం మొదట అందరం క్షేమం అని రాయాలని నాలుగో తరగతిలో పంతులు నేర్పాడు. ఆ ముక్క రాయలేక విడిచిపెట్టాను. మిగతాదంతా ఆయన చెప్పినట్టు పుస్తకం భాషలోనే రాయాలని చూస్తున్నాను. తప్పులు వస్తే నవ్వుకో.

నువ్వు చాలాసార్లు ఫోన్ చేశావని మీ మామ చెప్పాడు. ఆయన ఆఁ ఆఁ అని పెట్టేస్తాడు. కొడుకు పరమేశ్ పోయినప్పటి నుంచి ఆయన నోట్లో అంతకు మించి మాట లేదు. ఫోన్ నాకిస్తే నాకేం వినబడదు. బట్ట నేసే సాంచాల నడుమ కూర్చుని నూలు కండెలు చుట్టీ చుట్టీ చెవులు రెండూ పోగొట్టుకున్నాను. మనిషి ఎదురుగా ఉంటే పెదవులు చూసి పట్టుకుంటాను. ఫోన్‌లో పెదవులు ఉండవు కదా. ఇప్పుడు అందరి మూతికీ మాస్కులు, ఎదురుగా ఉన్నా ఉండవు. అందుకే ఉత్తరం.

ఏప్రిల్‌లో వాణ్ణి దవాఖానకు తీసుకుపోయినప్పుడు వాడు నడిచే లోపలికి వెళ్లాడు. గేటు దగ్గర వెనక్కి తిరిగి ఏదో అన్నాడు. మాస్కు దించబోతే అక్కడున్నామె కోప్పడింది. మాస్కు మీదనే అన్నాడు. ఏమన్నాడో నాకు తెలియదు. మీ మామ ఆటోవాడితో మాట్లాడుతున్నాడు, ఆయనా వినలేదు.

అల్లుడా, నిన్ను ఒకటి అడగాలని రాస్తున్నాను. పోయిన ఏడు లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగి, కాళ్ల కింద నేల వణకడం మానేసినప్పుడు, వాడు పొద్దంతా డాబా మీద నిలబడి నీతో ఫోన్‌లో కొట్లాడేవాడు. చేతులు గాలిలో ఊపేవాడు. ఒకసారి చెప్పు తీసి గోడకు కొట్టాడు. మెట్ల మీద కూర్చుని బియ్యం ఏరుకుంటూ చూసేదాన్ని. సినిమాలకు మ్యూజిక్ కొట్టే కేదార్ గొప్పా, రంజన్ గొప్పా అని మీ కొట్లాట, అంతవరకు తెలుసు. మాటలు తెలియవు. నా కొడుకు అన్ని గంటలు ఏం మాట్లాడాడో నాకు తెలియదు. నువ్వేమన్నావు, వాడేమన్నాడు, అన్నీ నాకు రాయి.

లింగవ్వ


సిరిసిల్ల
2 జూలై 2021

అత్తమ్మకు నరేశ్ నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి అన్నం తినబుద్ధి కాలేదు. నీకు నా మీద కోపం ఉండటం న్యాయమే. బావ ప్రాణాన్ని అంత విసిగించాను. ఎవరో మద్రాసులో కూర్చుని హార్మోనియం వాయించేవాళ్ల కోసం ఇంటి మనిషితో కొట్లాడాను. రోగం తగిలిన వారం కూడా ఒక మెసేజ్ పెట్టాను, నీకు చెప్పాలంటే సిగ్గవుతోంది.

ఇక ఆ ముచ్చట ఎత్తను అత్తమ్మా. బావ చెప్పిందే కరెక్ట్, కేదారే గొప్ప. నా ఫోన్‌లో రంజన్ పాటలన్నీ తీసేశాను.

ఇక్కడ పెండ్లిళ్లకు మందిని రానివ్వడం లేదు. నా కిరాయి మైకుసెట్టు మూలకు పడి ఉంది, స్పీకరు బాక్సుల్లో ఎలుకలు చేరాయి. మామను జాగ్రత్తగా చూసుకో.

నీ అల్లుడు
నరేశ్


బమ్రోలి
12 జూలై 2021

అల్లుడా,

కోపమని ఎవరన్నారు నీకు? నేను రాసిందేంది, నువ్వు చదివిందేంది?

ఇక్కడ సోమలింగం అని వాడి దోస్తు ఉన్నాడు, పక్క సాంచాల మీద పని చేస్తాడు. సూరత్‌లో ఉన్న మనవాళ్లందరితో కేదార్ ఫ్యాన్స్ గ్రూపు పెట్టినవాడు. ఫోన్‌లో ఆ గ్రూపు నాకు చూపించాడు. వాడి ఫోటోకు దండ వేసి పెట్టారు. కింద అందరూ అన్న చెప్పిందే వేదం, అన్న చెప్పిందే నిజం అని రాశారు. రోజూ వాడితో తిట్లు తిన్న రంజన్ ఫ్యాన్లు కూడా వచ్చి పూలబొమ్మలు పెట్టారు. వాడు చూసుంటే "థూ, గింత చప్పగైన్రేందిరా!" అనేవాడు.

పోయినవాడితో ఎవరూ కొట్లాడరు అల్లుడా. అందరూ తల ఊపుతారు. ఇక్కడ నాతో కూడా అంతే, ఏమన్నా తల ఊపుతారు. వాడి మాట నెగ్గనివ్వని మనిషివి నువ్వు ఒక్కడివి ఉన్నావని నీకు రాశాను. నువ్వు కూడా ఆ మందలో కలిశావు.

ఆ పాటలు మళ్లీ ఫోన్‌లో ఎక్కించుకో. వాడేమన్నాడో రాయి. తిట్లతో సహా రాయి. నేను విననివి లేవు, చెవులు ఉన్నప్పుడు అన్నీ విన్నాను.

మేనత్త లింగవ్వ


సిరిసిల్ల
30 జూలై 2021

అత్తమ్మా,

నువ్వు తిట్టిన తర్వాత పాటలు మళ్లీ ఎక్కించుకున్నాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. తిట్లు మాత్రం కొన్ని తగ్గించాను, నువ్వు పెద్దదానివి.

మొదలుపెట్టేది ఎప్పుడూ బావే. ఫోన్ ఎత్తగానే "ఏం బామ్మర్దీ, మీ రంజన్ కొత్త పాట ఇన్న. పాత గోడకే సున్నం ఏసిండు గదా!" అనేవాడు. "మీ కేదార్ సున్నం గూడ ఎయ్యలే బావా, ఒక్కటే గోడను అన్ని సినిమాలకు అమ్ముకుంటున్నడు" అనేవాణ్ణి. ఇక పొయ్యి అంటుకున్నట్టే.

నా మాట ఏమిటంటే, పాట అంటే జనం పాడుకోవాలి. మైకు పెట్టేవాణ్ణి, నాకు తెలుసు. బారాత్‌లో రంజన్ పాట వేస్తే నడుములు పట్టేసిన ముసలవ్వలు కూడా లేస్తారు. కేదార్‌కు పాటలు రావు, సీన్ల వెనుక వాయించేదే వచ్చు. "పెండ్లిల బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ పెట్టమని ఎవడన్న అడుగుతడా బావా?" అన్నాను. దానికి బావ ఏమన్నాడో తెలుసా? "చీరెకు అంచు జూసి బేరం జేస్తరు బామ్మర్దీ. ఒంటికి సుట్టుకునేది మాత్రం బట్టను. పాట అంచు, వెనుక వచ్చేది బట్ట. నువ్వు జన్మల సాంచె ముంగట నిలబడ్డవా, నీకేమెరుక!"

రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు స్నానం చేస్తుంటే జవాబు దొరికింది. తడి చేతులతోనే మెసేజ్ పెట్టాను: "అంచు లేకుంటె అది చీరె గాదు బావా, పొయ్యికాడి మసిబట్ట." దానికి వచ్చిన తిట్టే నేను తగ్గించింది.

"నువ్వు మైకులు కిరాయికిచ్చెటోనివి, నీకు గట్టిగ ఇనబడుడే సంగీతం" అనేవాడు. "నీకు సాంచాల చప్పుడే సంగీతం" అనేవాణ్ణి. "అందుకే గదరా చెవులల్ల దూది పెట్టుకొని నేస్తున్న. మా ఇంట్ల ఒక్కని చెవులన్న కేదార్ కోసం మిగలాలె" అనేవాడు.

అసలు పందెం మాత్రం పడవ సీను మీద. కేదార్ చేసిన ఒక సినిమాలో వరదలో చిక్కిన తమ్ముణ్ణి తేవడానికి అన్న పడవ వేసుకుని పోతాడు. తల్లి ఒడ్డున నిలబడి ఉంటుంది. పడవ ఒక్కటే, మనిషి లేకుండా, తేలుకుంటూ వస్తుంది. అక్కడ కేదార్ మ్యూజిక్ మొత్తం ఆపేశాడని, అంత దమ్ము ఇంకెవరికీ లేదని బావ మాట. ఆపలేదు, సన్నాయి పెట్టాడు, అన్ని సినిమాల్లో ఏడ్చినట్టే అక్కడా ఏడ్చిందని నా మాట. మేం ఇక్కడి టాకీసులో విన్నాం కదా. "మీ సూరత్ టాకీసుల బాక్సు పోయుంటది బావా, గంతే" అన్నాను. ఆ ముక్క ఫోన్‌లో కోసి పంపాను. "గది టీవోళ్లు తర్వాత కలిపిన్రు. టాకీసుల లేకుండె. నేను చెవులార ఇన్న" అన్నాడు.

"ఏమిన్నవ్ బావా, లేనిదాన్ని?"

"లేకపోవుడే ఇన్నరా!"

ఓడినవాడు మా వాడకట్టు పెండ్లిలో మైకు పట్టుకుని నేను ఓడిపోయిన అని మూడుసార్లు అనాలని పందెం. బావ ఊరికి వచ్చినప్పుడు మంచి బాక్సులు పెట్టి తేల్చుకుందామనుకున్నాం.

నరేశ్


బమ్రోలి
20 ఆగస్టు 2021

అల్లుడు నరేశ్‌కు,

నీ ఉత్తరం మీ మామకు చదివి వినిపించాను. నా గొంతు ఎంత లేస్తుందో నాకు తెలియదు కదా, గల్లీ అంతా బయటికి వచ్చిందట. పక్కింటి నర్సవ్వ ఏమైందోనని పిండి చేతులతో ఉరికి వచ్చింది. మసిబట్ట దగ్గర మీ మామ ముఖం అటు తిప్పుకున్నాడు. నవ్వాడో ఏడ్చాడో నేను చూడలేదు.

దూది నాకు ఎరుకే. కొబ్బరినూనెలో ముంచి పెట్టుకునేవాడు. దిండు గలీబులన్నీ జిడ్డు. ఇంకా ఉతకలేదు.

కానీ అల్లుడా, పడవ సీను దగ్గర నేను సాక్షిని. ఆ సినిమాకు వాడి పక్కన కూర్చున్నది నేనే. ఉధ్నా దగ్గర టాకీసులో ఆదివారం పొద్దున మనవాళ్ల కోసం తెలుగు ఆట వేసేవారు. టాకీసులో నాకు మాటలు అందవు, కుర్చీ వణకడం తెలుస్తుంది. మిగతాది వాడు చెప్పేవాడు. నా మణికట్టు పట్టుకుని దాని మీద వేళ్లతో వాయించేవాడు. మెల్లగా వస్తే ఒక్క వేలు, డప్పులు వస్తే నాలుగు వేళ్లూ. చిన్నప్పుడు మొదలుపెట్టాడు, మీసాలు వచ్చినా మానలేదు. దోస్తులు నవ్వితే "నవ్వుండ్రిరా, మా అమ్మకు లైవ్ కొడుతున్న" అనేవాడు.

ఆ రోజు పడవ వంపు తిరిగి వచ్చింది. కుర్చీ వణకడం ఆగింది. వాడి వేళ్లు ఆగాయి. వాడు నా వైపు తిరిగాడు. తెర వెలుగులో పెదవులు కనబడ్డాయి. "ఏం లేదమ్మా, ఏం లేదు" అన్నాడు. పండుగకు కొత్త అంగీ దొరికినట్టు ఉంది ముఖం.

కాబట్టి అక్కడ మ్యూజిక్ లేదు. మిగతా వాటిలో నువ్వే గెలిచావేమో, ఇందులో ఓడావు. కాదంటే నాలుగు మాటలు గట్టిగా రాయి. వాడి తరఫున నేను జవాబిస్తాను, సోమలింగం సాయం ఉంది.

లింగవ్వ


సిరిసిల్ల
12 సెప్టెంబర్ 2021

అత్తమ్మకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. మణికట్టు సంగతి బావ నాకెప్పుడూ చెప్పలేదు.

ఎలుకలను వెళ్లగొట్టి, బాక్సులు తుడిచి, ఆ సినిమా మళ్లీ పెట్టి చూశాను. బావదే నిజం. పడవ వచ్చేటప్పుడు ఏమీ లేదు. నేను చెప్పిన సన్నాయి దాని తర్వాతి సీనులోది. ఇన్నేళ్లు రెండూ కలిపి చెప్పుకుంటూ వచ్చాను.

పందెం కూడా కట్టాను. మా వాడకట్టు బుచ్చవ్వ మనవరాలి పెండ్లికి కొద్దిమందిని రానిచ్చారు, మైకు నాదే. పుస్తె కట్టిన తర్వాత మైకు పట్టుకుని "మా పరమేశ్ బావ గెలిచిండు, నేను ఓడిపోయిన" అని మూడుసార్లు అన్నాను. ముసలవ్వలు చప్పట్లు కొట్టారు, ఎందుకో వాళ్లకు తెలియదు. పెండ్లికొడుకు నన్ను తాగొచ్చాననుకున్నాడు.

కేదార్ గొప్పవాడు అత్తమ్మా. బావ ఇంకా గొప్పవాడు.

నరేశ్


బమ్రోలి
10 అక్టోబర్ 2021

అల్లుడా,

నీ ఉత్తరం చదవగానే మీ మామ లేచి నిలబడ్డాడు. "మనోడు గెలిచిండా?" అన్నాడు. ఆయన పెదవుల మీద అంత పెద్ద మాట చూసి చాలా రోజులైంది. చెప్పులు కూడా వేసుకోకుండా కార్ఖానకు పోయి అందరికీ చెప్పి వచ్చాడట. సేఠ్‌కు కూడా హిందీలో చెప్పాడని సోమలింగం అన్నాడు. సేఠ్‌కు ఏం అర్థమైందో, చాయ్ తెప్పించాడట.

నాకూ సంతోషమే. కానీ ఒకటి చెబుతాను. నేను ఇంకో ఉత్తరానికి జవాబులు తయారు చేసుకుని కూర్చున్నాను. నువ్వు బాక్సు పోయిందంటే ఏమనాలి, టీవీ అంటే ఏమనాలి, సోమలింగాన్ని అడిగి కాగితం మీద రాసిపెట్టుకున్నాను. వాటితో ఇప్పుడు పని లేకపోయింది. రెండు రోజులు ఊరికే కూర్చున్నాను.

దీపావళి సెలవులకు సాంచాలన్నీ ఆగుతాయి. అప్పుడు మా అరుగు మీద ఆ సినిమా పెట్టాలని మీ మామ అంటున్నాడు. సోమలింగం దగ్గర పెద్ద బాక్సు ఉంది. కార్ఖానవాళ్లందరినీ పిలుస్తున్నాడు. నేను బాక్సు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటాను. సాంచాలు నడిచే రోజుల్లో ఇక్కడ అన్నీ వణుకుతాయి, ఏది దేనిదో తెలియదు. సెలవుల్లో అయితే బాక్సుది బాక్సుదిగానే తెలుస్తుంది. పడవ వచ్చేటప్పుడు ఆగుతుంది చూడు, అది మళ్లీ ఒకసారి పట్టుకోవాలి.

మేనత్త లింగవ్వ


సిరిసిల్ల
25 అక్టోబర్ 2021

అత్తమ్మా,

ఈ ఉత్తరం దీపావళికి ముందే అందాలని స్పీడుపోస్టులో వేస్తున్నాను. సోమలింగం నంబరు నా దగ్గర లేదు. మామకు ఫోన్ చేస్తే ఆఁ ఆఁ అని పెట్టేశాడు, ఏం విన్నాడో తెలియదు.

ఆ సినిమా ఫోన్‌లో నుంచి పెట్టి చూడొద్దు. ఫోన్‌లో ఉన్నది, టీవీలో వచ్చేది టాకీసులో వేసింది కాదు. ఆ పడవ ముక్కకు తర్వాత ఏదో కలిపారు. టాకీసులో లేదు. నేను ఇక్కడ చూసింది పాత ప్రింటు. మీకు దొరికేది అది కాదు. వేరే సినిమా పెట్టుకోండి. కేదార్‌వే చాలా ఉన్నాయి.

మాట విను అత్తమ్మా.

నరేశ్


బమ్రోలి
14 నవంబర్ 2021

అల్లుడు నరేశ్‌కు మేనత్త లింగవ్వ రాసేది.

నీ ఉత్తరం దీపావళి దాటిన తర్వాత అందింది. స్పీడుపోస్టయినా ఎక్కడో ఆగింది, ఆ లోపు సెలవులకు పోస్టాఫీసూ మూశారు.

సినిమా పెట్టారు. అరుగు నిండా మనుషులు. నర్సవ్వ అందరికీ మురుకులు పంచింది. సాంచాలు ఆగి నేల కదలకుండా ఉంది. నేను బాక్సు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. పాటలు వచ్చినప్పుడు దబదబ కొట్టుకుంది. వరద వచ్చినప్పుడు నా మోచెయ్యి దాకా వణికింది. పడవ సీనుకు ముందు మీ మామ లేచి చెయ్యెత్తి "ఇగో, ఇప్పుడు సూడుండ్రి" అన్నాడు. మురుకులు నమిలేవాళ్లు కూడా ఆపారు.

పడవ వంపు తిరిగింది. బాక్సు ఆగలేదు. సన్నగా, డబ్బాలో కందిరీగ పడ్డట్టు, నా అరచేతిలో వణుకుతూనే ఉంది. తల్లి ఒడ్డున కూలబడేదాకా వణికింది.

నేను తలెత్తి అందరి ముఖాలూ చూశాను. వాళ్లకు వినబడుతోంది కదా. ఒకడు కాలి బొటనవేలు చూసుకుంటున్నాడు. సోమలింగం నా ముందుకు వచ్చి, నాకు అర్థం కావాలని మాస్కు దించి, ఒక్కో మాటా విడదీసి అన్నాడు. "సూసినవా అవ్వా, అన్న జెప్పిందే. ఎంత సైలెంటుగున్నదో!" వెనుక అందరి తలలూ ఊగాయి. అవునవును అని పెదవులన్నీ కదిలాయి. చెవిటిదానికి ఏం తెలుస్తుందనుకున్నారు. ప్రేమతోనే అన్నారు, నాకు తెలుసు.

మీ మామ వాళ్లను చూడలేదు. బాక్సు మీద ఉన్న నా చెయ్యి చూస్తున్నాడు. సినిమా అయిపోకముందే లేచి లోపలికి పోయి పడుకున్నాడు. ఇప్పుడు సాంచాలు మళ్లీ నడుస్తున్నాయి. పనికి పోతున్నాడు, వస్తున్నాడు. ఆఁ ఆఁ కూడా లేదు.

ఆ తర్వాత నీ ఉత్తరం అందింది. తర్వాత కలిపారు, టాకీసులో లేదు అని రాశావు. అది నా కొడుకు నీకు చెప్పిన మాట అల్లుడా. నువ్వే నాకు రాశావు. వాడు అన్నప్పుడు నువ్వు పడీ పడీ నవ్వి ఉంటావు. ఇప్పుడు నువ్వే నాకు చెబుతున్నావు. నవ్వడానికి నీకు ఎదురు ఎవరూ లేరు.

వాడు తప్పు. టాకీసులో బాక్సు పోయింది. నువ్వు మొదటే చెప్పావు, మైకు పనిచేసే మనిషివి, నీకు తెలుసు. వాడికీ తెలిసే ఉంటుంది. చెవుల్లో దూది పెట్టుకుని కాపాడుకున్నవాడికి ఆ మాత్రం తెలియదా? ఎందుకు ఒప్పుకోలేదో నేను ఈ పది రోజులూ ఆలోచించాను. టాకీసుకు పోయినప్పుడల్లా వాడు ఒకటి వినేవాడు, నేను ఒకటి చూసేదాన్ని. నడుమ వాడి వేళ్లు తిరిగేవి. ఆ బాక్సు పోయిన కాసేపు వాడు విన్నదీ నేను విన్నదీ ఒక్కటే అయింది. ఏం లేదమ్మా అని అంత సంబరంగా అందుకే అన్నాడేమో. నేను అనుకుంటున్నాను, అంతే. అడగడానికి లేడు.

నీ మీద కోపం లేదు. ఈసారైనా సరిగా చదువు. అన్నేళ్లలో నువ్వు వాడికి ఒక్క మాట కూడా ఊరికే ఇవ్వలేదు. అందుకే వాడు పొద్దున లేస్తే నీకే ఫోన్ చేసేవాడు. దవాఖానవాళ్లు వాణ్ణి ప్లాస్టిక్‌లో చుట్టి, తాడు కట్టిన ఇవతల నుంచి చూపించినప్పుడు, అది వేరే వాళ్ల పిల్లవాడేమో అనుకున్నాను. మీ మామ సంతకం పెట్టినప్పుడు కూడా అనుకున్నాను. నువ్వు ఓడిపోయానని రాశావు చూడు, అది చదివి రెండు రోజులు ఊరికే కూర్చున్నానని చెప్పాను కదా. ఎందుకో అప్పుడు నాకే తెలియలేదు. వాడు ఉంటే నువ్వు ఓడిపోయేవాడివి కాదు.

ఒక పని చెయ్యి. పందెం పందెమే. కట్టాల్సింది వాడు, నువ్వు కాదు. ఈసారి మీ వాడకట్టులో పెండ్లి అయితే మైకు పట్టుకుని "మా పరమేశ్ బావ ఓడిపోయిండు" అని మూడుసార్లు అను. గట్టిగా అను. వాడు ఉంటే మొదటిసారికే, తన పెండ్లి పీటల మీద ఉన్నా సరే, దూకి వచ్చి నీ చేతిలో మైకు గుంజుకునేవాడు. ఇప్పుడు ఎవరూ గుంజుకోరు. మూడుసార్లూ అడ్డు లేకుండా అయిపోతుంది.

అయిపోయిన తర్వాత మైకు బందు చేసి ఇంటికి పో.

లింగవ్వ